రాత్రంతా పడుకున్న బిడ్డ

పిల్లల డాక్టరుగా పనిచేసినన్నాళ్లూ నేను ఎక్కువగా చూసింది నిద్రలేని పెద్దవాళ్లను. ఈ సంగతి మెడికల్ కాలేజీలో మాకెవరూ చెప్పలేదు. పుస్తకాల్లో న్యుమోనియా ఉంది, కామెర్లున్నాయి, విరేచనాలున్నాయి. "డాక్టరు గారండీ, మావాడు పడుకోట్లేదండి" అనే జబ్బు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. విజయవాడ గవర్నర్‌పేటలో ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే తెలిసిపోయింది, నా అన్నం ఆ జబ్బు మీదే ఉడకబోతోందని.

ఈ వృత్తిలోకి వస్తున్న చిన్నవాళ్లు అప్పుడప్పుడు ఇంటికొచ్చి "మీ అనుభవాలు చెప్పండి మేడమ్" అంటారు. శాలువాల గురించి చెబుతాననుకుంటారు కాబోలు, వినయంగా చేతులు కట్టుకుని మరీ కూర్చుంటారు. శాలువాలు బీరువాలో ఉన్నాయి. వాటి రుచి చిమ్మటలకు తెలిసినంతగా నాకు తెలియదు. నేను చెప్పదలుచుకున్నది ఒక ఇంటి సంగతి, దానితోపాటు మా పెద్ద డాక్టరు గారి సంగతి.

పైన ఆసుపత్రి, కింద కొట్టు

తొంభైల మొదట్లో నేను చేరింది ఒక పిల్లల నర్సింగ్ హోమ్‌లో. దాని యజమానిని ఊరంతా పెద్ద డాక్టరు గారు అనేది. మేడ మీద ఆసుపత్రి, కింద ఆయన బావమరిది నడిపే పసిపిల్లల సామాన్ల కొట్టు. మెట్లు దిగినవాళ్లు ఆ కొట్టులోంచే రోడ్డెక్కాలి. కట్టేటప్పుడు వేరే దారి పెట్టడం మేస్త్రీ మరిచిపోయాడట. అంత లాభసాటి మతిమరుపు ఉన్న మేస్త్రీని మళ్లీ నేను ఎక్కడా చూడలేదు.

బావమరిది గారి లెక్కలో మనిషి పుట్టడం ఒక ఎత్తు, ఆ తర్వాత కొనాల్సినవి ఒక ఎత్తు. తల గుండ్రంగా రావడానికి ఒక దిండు. మెడ వాలకుండా ఇంకో దిండు. ఈ రెండు దిండ్ల మధ్య నుంచి బిడ్డ జారిపోకుండా అటొకటి, ఇటొకటి. ఒళ్లంతా పూయడానికి పౌడరు, దాన్ని అద్దడానికి కుచ్చు, ఆ పౌడరు పీల్చి బిడ్డ తుమ్మితే పైన మేమున్నాం. ఇంకా కళ్లు తెరవడం సరిగ్గా రాని బిడ్డకు నడక నేర్చుకునే బండి కూడా అమ్మేవాడు. "ఎప్పటికైనా కావల్సిందే కదండీ" అనేవాడు. ఆ లెక్కన పెళ్లి బట్టలు కూడా అమ్మొచ్చు. పాపం, అక్కడిదాకా ఆలోచించలేదు.

"పసిబిడ్డకు దిండు వద్దమ్మా, ఊపిరాడదు" అని పైన నేను చెప్పేదాన్ని. "మేడమ్ గారు కొత్తగా వచ్చార్లెండి" అని కింద ఆయన సర్దిచెప్పేవాడు. నేను ఆ ఆసుపత్రిలో కొన్నేళ్లు పనిచేశాను. చివరి రోజుదాకా కొత్తగా వచ్చిన మేడమ్ గారినే.

పెద్ద డాక్టరు గారిని మాత్రం తక్కువ చేసి మాట్లాడను. బిడ్డ గుమ్మంలోకి రాగానే ఊపిరి తీసే తీరు చూసి రోగం చెప్పగల మనిషి. జబ్బుపడ్డ బిడ్డ దగ్గర ఆయన చేతిని మించిన చేయి లేదు. జబ్బు లేకుండా ఏడ్చే బిడ్డ దగ్గరే ఆయనకు ఓపిక ఉండేది కాదు. అలాంటి బిడ్డ వస్తే తల్లి వైపు చూడకుండానే "ముక్కు కాస్త బిగిసినట్టుంది" అని ఒక జలుబు మందు రాసేవారు. ఆ మందుకు జలుబు తగ్గేదో లేదో గానీ, మత్తు మాత్రం కమ్మేది. బెజవాడలో నిద్రపోని బిడ్డలందరికీ ఒకేసారి ముక్కులు బిగుసుకోవడం నేను అక్కడే చూశాను. తల్లిదండ్రులు దణ్ణం పెట్టి వెళ్లేవారు. పెద్ద డాక్టరు గారి హస్తవాసి అని చెప్పుకునేవారు.

కోటేశ్వరరావు గారి ఏర్పాట్లు

కోటేశ్వరరావుది చేపల వ్యాపారం. కొల్లేరు చేపలను ఐసు వేసి పెట్టెల్లో సర్ది, లారీలకెక్కించి దూర రాష్ట్రాలకు పంపుతాడు. లారీ ఇంజన్ల పక్కన నిలబడి మాట్లాడే అలవాటు కావడంతో ఆయన రహస్యం చెప్పినా మా వరండా చివరిదాకా వినపడేది. పెళ్లైన చాలా ఏళ్లకు కొడుకు పుట్టాడు. పుట్టిన మర్నాడే కోటేశ్వరరావు కింద కొట్టులోకి దిగాడు. బావమరిది గారు ఆ రోజు ఫ్యాను ఆయన వైపు తిప్పించి కూర్చోబెట్టారని నర్సులు చెప్పుకున్నారు.

భార్య సత్యవతి సన్నగా, నెమ్మదిగా ఉండే పిల్ల. ఆమెకు తల్లి లేదు. అందుకని బాలింతను చూసుకోవడానికి అత్తగారు మంగమ్మ కొల్లేటి పల్లె నుంచి గుణదలలోని వీళ్లింటికి వచ్చింది. మంగమ్మ పద్ధతులు మంగమ్మవి. ఆముదం రాసి కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోయడం, సాంబ్రాణి పొగ పట్టడం, చీరతో ఉయ్యాల కట్టి ఊపడం. జోలపాటలు పెద్దగా రావు. అందుకని చేపల పేర్లే రాగం తీసి చెప్పేది. కొర్రమీను, జెల్ల, బొచ్చె, శీలావతి, మళ్లీ కొర్రమీను. బిడ్డకు అర్థం ఎందుకు? గొంతు తెలిస్తే చాలు.

పొగ వద్దని చెప్పింది నేనే. ఆ ఒక్కమాట పట్టుకుని కోటేశ్వరరావు మిగతావన్నీ రద్దు చేశాడు. "డాక్టరు గారే వద్దన్నారు" అని చీర ఉయ్యాల విప్పించాడు, చేపల పాట ఆపించాడు. హైదరాబాదులో ఎవరో పెద్ద పార్టీ ఇంట్లో పసిబిడ్డకు వేరే గది చూసొచ్చాడట. బిడ్డ ఏడింటికల్లా తన గదిలో తానే పడుకోవాలి, ఏడ్చినా ఎవరూ వెళ్లకూడదు. అదీ కొత్త పద్ధతి. గది సిద్ధమైంది. బ్యాటరీతో పాట పాడే ఉయ్యాల, గోడల నిండా బొమ్మలు, కూలరు, దిండ్ల పూర్తి సెట్టు. కరెంటు పోతే కూలరు ఆగేది, బ్యాటరీ అయిపోతే పాట ఆగేది. బిడ్డ ఏడుపు మాత్రం ఏ ఆధారం లేకుండా నడిచేది.

బిడ్డకు మూడో నెలలో ముగ్గురూ వచ్చారు.

"మేడం గారూ, వీడు ఏడింటికి పడుకోవాలండి. పడుకోడు. తలుపేస్తే చాలు, గుక్కపెట్టి ఏడుస్తాడు" అన్నాడు కోటేశ్వరరావు.

"తలుపెందుకు వేస్తున్నారు?"

"అలవాటు చెయ్యాలి కదండి. ఇప్పట్నించే డిసిప్లిన్ ఉండాలి."

"మూడు నెలల పిల్లాడికా?"

"మా లారీ డ్రైవర్లకి మొదట్నించీ పెట్టుంటే నాకివాళ ఈ బాధలుండేవి కాదండి."

"సరే. ఏడింటికి మీరు ఇంట్లో ఉంటారా?"

"నాకెక్కడ కుదురుద్దండి! లోడింగు అప్పుడేగా."

సత్యవతి తలవంచుకుని బిడ్డ చొక్కా గుండీ పెట్టి తీస్తోంది, తీసి పెడుతోంది. వెనక నిలబడ్డ మంగమ్మ కొడుకు మాట మాటకీ కోడలి వైపు చూస్తోంది. తలుపు తీసి ఉంచండి, తల్లి మంచం పక్కనే బిడ్డను పడుకోబెట్టండి, దిండ్లన్నీ తీసేయండి, పాట వద్దని నేనెప్పుడూ అనలేదు అని చెప్పాను. కోటేశ్వరరావు ఎంతో శ్రద్ధగా తలూపాడు. కిందికి దిగి ఇంకో బొమ్మ కొన్నాడు.

ఆ తర్వాత ఒకసారి నేను సెలవులో ఉన్నప్పుడు సత్యవతి, మంగమ్మ వచ్చి పెద్ద డాక్టరు గారికి చూపించుకెళ్లారు. ముక్కు కాస్త బిగిసినట్టుందని ఆయన మందు రాశారు.

ఫోను

గుణదల తిరునాళ్ల రోజులవి. ఉదయం నేను ఆసుపత్రికి వచ్చేసరికి ఫోను మోగుతోంది. కోటేశ్వరరావు. ఫోను లేకపోయినా వినపడేంత సంతోషంగా ఉన్నాడు.

"మేడం గారూ! మావాడు రాత్రంతా పడుకున్నాడండి! ఒక్కసారి లేస్తే ఒట్టు! మా పద్ధతి పనిచేసిందండి!"

"పాలకు లేచాడా?"

"లేవలేదండి. ఇంకా పడుకునే ఉన్నాడు. పక్కింటోళ్లకి కూడా చెప్పాం, నిశ్శబ్దంగా ఉండమని."

"ఇప్పుడు లేపండి."

"పాపం, ఇన్నాళ్లకి పడుకున్నాడు కదండి..."

"కోటేశ్వరరావు గారూ, నేను ఫోను పట్టుకునే ఉంటాను. వెళ్లి లేపండి. అరికాలు గిల్లండి. ఏడ్చాడో లేదో నాకు చెప్పండి."

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. తిరిగొచ్చిన గొంతు నేనెరిగిన గొంతు కాదు. అంత చిన్నగా ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"ఏడవట్లేదండి."

తిరునాళ్ల జనంతో ఆ వైపు రోడ్లన్నీ నిండిపోయాయి. ఆటో కొంతదూరం వచ్చి ఆగిపోయిందట. అక్కణ్ణించి బిడ్డను భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. చెప్పులు ఎక్కడ పోయాయో ఆయనకే తెలియదు. వెనకే ఒక రిక్షాలో అత్తాకోడళ్లు వచ్చారు. బిడ్డ ఒళ్లు వడిలిన తోటకూర కాడలా వేలాడుతోంది. ఊపిరి ఉంది గానీ, ఒకటి తీశాక ఇంకొకటి తీస్తాడా అని ఎదురుచూడాల్సి వస్తోంది. ఆక్సిజన్ పెట్టి, సెలైను ఎక్కించి, రక్తంలో చక్కెర చూశాం. జ్వరం లేదు. దెబ్బ లేదు.

ఎరుపు, పసుపు

చిన్న డాక్టర్లూ, ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి. మూడు నెలల బిడ్డ స్పృహ తప్పితే మెదడు పొరల వాపు కావచ్చు, లేదా ఎవరో మత్తు మందు పోసి ఉండొచ్చు. మొదటిది తేల్చుకోవాలంటే వెన్నులో సూది గుచ్చి నీరు తీయాలి. రెండోదాన్ని తేల్చే పరీక్ష ఆ రోజుల్లో మా ఊళ్లో లేదు. ఇంట్లోవాళ్లు నోరు విప్పడం ఒక్కటే పరీక్ష.

"రాత్రి బాబుకు ఏమైనా పోశారా?" అని అడిగాను.

ముగ్గురూ బిడ్డ వైపే చూస్తున్నారు.

"పోసి ఉంటే చెప్పండి. ఏం మందో తెలిస్తే దానికి తగ్గట్టు చూస్తాను. తెలియకపోతే వెన్నులో సూది వెయ్యాలి."

సత్యవతి గోడకు జారగిలబడింది. మంగమ్మ కోడలి వైపు ఒక్క చూపు చూసి ముందుకొచ్చింది.

"నేనే పోశానమ్మా. ముసిల్దాన్ని. తెలీక పోశా."

"ఏం మందు?"

"జలుబు మందేనమ్మా. ఎర్రగా ఉంటది చూడండి, అదే."

కోటేశ్వరరావు గొంతు మళ్లీ లారీ పక్కకి పోయింది. "నీకు చెప్పానా లేదా, వాడికేమీ పెట్టొద్దని? నీ పల్లెటూరి తెలివితేటలతో నా కొడుకుని చంపుతావా? ఇవాళే బస్సెక్కు. మళ్లీ నా గడప తొక్కావంటే ఊరుకోను!"

మంగమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుంది.

మేం రాసే జలుబు మందు పసుపు రంగులో ఉంటుంది. ఆ మందు రంగు ఎరగని మనిషి మూత తీసి పోసే అవకాశం ఎంత? కోటేశ్వరరావును బయటికి పంపాలనుకున్నాను. అందుకు నాకు తెలిసిన మార్గం ఒకటే. "కింద కొట్టులో మెత్తటి టవలు కొనుక్కురండి" అన్నాను. మారుమాట లేకుండా దిగాడు.

సత్యవతిని "నువ్వు పోశావా" అని అడగలేదు. అడిగితే లేదంటుంది. ఒకసారి లేదన్నాక అవుననడం ఎవరికైనా కష్టమే.

"కంటినిండా పడుకుని ఎన్నాళ్లయిందమ్మా నువ్వు?" అన్నాను.

ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడిగినట్టు లేదు. ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత నేల మీద కూర్చుండిపోయింది.

"తలుపు అవతల వాడు ఏడుస్తుంటే, ఇవతల కూచోమంటారండి. ఎత్తుకుంటే అలవాటవుద్దంట. అత్తయ్యని కూడా వెళ్లనివ్వరు. రోజూ అంతేనండి. రాత్రి ఒక మూత పోశా. కాసేపు పడుకుని మళ్లీ లేచాడు. మళ్లీ పోశా. పెద్ద డాక్టరు గారు రాసిందేగా, ఏం కాదనుకున్నా. వాడు పడుకున్నాక నేనూ పడుకున్నా. తెల్లారిందాకా మెలకువ రాలేదండి. వాడిని చూసుకోలేదండి."

నేను మంగమ్మ వైపు తిరిగాను. "మీరెందుకు మీద వేసుకున్నారు?"

"నేను ఆడి తల్లిని. నన్ను తిడతాడు, నాలుగు రోజులకి మర్చిపోతాడు. దీన్నంటే జన్మంతా అంటానే ఉంటాడమ్మా. ఇంకా చిన్నపిల్ల."

సూది పక్కన పెట్టించి, బిడ్డ దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఊపిరి మందగించినప్పుడల్లా నర్సు పాదం తట్టి కదిలించేది. మధ్యాహ్నం దాటాక బిడ్డ ముఖం చిట్లించాడు. ఇంకాసేపటికి పిడికిలి బిగించి, ఒక గుక్క పట్టి, వార్డంతా అదిరేలా ఏడ్చాడు. అన్నాళ్లూ ఆ ఇంట్లో ఎవరూ భరించలేని ఏడుపు. ఆ పూట అందరూ దాన్ని కళ్లు తుడుచుకుంటూ విన్నారు.

ఎప్పుడో టవలుతో తిరిగొచ్చిన కోటేశ్వరరావు తల్లి వైపు చూడకుండా "మూడింటి బస్సుంది" అన్నాడు.

"అత్తయ్య కాదండి" అంది సత్యవతి. బిడ్డకు పాలిస్తోంది. తలెత్తలేదు గానీ గొంతు వణకలేదు. "నేనే పోశాను. అత్తయ్యకి ఆ సీసా ఎక్కడుంటదో కూడా తెలీదు."

ఆయన అరుస్తాడని అందరం ఎదురుచూశాం. నర్సు తలుపు కూడా దగ్గరికి వేసింది. అరవలేదు. భార్యను చూశాడు, తల్లిని చూశాడు, చెప్పుల్లేని తన కాళ్లను చూసుకున్నాడు. కాసేపయ్యాక నా దగ్గరికొచ్చాడు.

"ఇప్పుడేం కొనాలండి మేడం గారూ?"

వెటకారం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆ ప్రశ్నకు నాలుక చివర సమాధానాలు చాలా నిలబడ్డాయి. ఆయన ముఖం చూశాక ఒక్కటీ బయటికి రాలేదు.

"ఏమీ వద్దు. ఏడింటికి ఇంటికి రండి. బిడ్డను ఎత్తుకోండి. ఆ అమ్మాయిని పడుకోనివ్వండి."

"లోడింగు..." అని మొదలుపెట్టాడు. అక్కడే ఆపేశాడు.

పెద్ద డాక్టరు గారి తీర్పు

ఆ సాయంత్రం పెద్ద డాక్టరు గారి గదికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఓపిగ్గా విన్నారు.

"ఒక చుక్క పొయ్యమంటే మూతలతో పోస్తే, తప్పు మందుదా తల్లిదా?" అన్నారు.

"జలుబు లేని బిడ్డకు జలుబు మందు రాసినవాళ్లది కూడా కదండీ."

ఆయనకు కోపం రాలేదు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. "నువ్వింకా కొత్తమ్మా. నేను రాయకపోతే పక్క సందులో రాస్తారు. మందు లేకుండా పంపితే 'ఈ డాక్టరుకేం తెలుసు' అంటారు. తల్లి కష్టాలు వింటూ కూచుంటే బయట క్యూ ఎవడు చూస్తాడు?"

నా తీర్పు ఇది. ఆయన చెడ్డ డాక్టరు కాదు. మందు రాయడానికి పట్టే సమయం తక్కువ, మనిషిని వినడానికి పట్టే సమయం ఎక్కువ. ఆయన తక్కువ దాన్ని ఎంచుకున్నారు, దానికి హస్తవాసి అని పేరొచ్చింది. మీకూ ఆ పేరు తేలిగ్గా వస్తుంది. అదే భయం నాకు.

అప్పుడప్పుడు నేనూ రాసిన ఆ మందును ఇక రాయడం మానేశాను. ఫలితం వెంటనే కనిపించింది. నా గది ముందు బెంచీ ఖాళీ, ఆయన గది ముందు తొక్కిసలాట. "ఆవిడ మందివ్వదంట, ప్రశ్నలేస్తదంట" అని పేరు పడింది. తర్వాత కొన్నాళ్లకు సొంత క్లినిక్ పెట్టుకున్నాను. తిన్నగా రోడ్డు మీదికి తెరుచుకునే తలుపు పెట్టించాను. మేస్త్రీకి రెండుసార్లు గుర్తుచేసి మరీ.

కొత్త తల్లిదండ్రులు ఏం కొనాలని అడిగితే ఏం చెప్పాలంటారా? కాలువల ఊరు మనది, ముందు దోమతెర కొనమనండి. ఉతికి మెత్తబడ్డ పాత పంచెలు ఇంట్లోనే ఉంటాయి. పరుపు గట్టిగా ఉండాలి, బిడ్డ వెల్లకిలా పడుకోవాలి, పక్కన దిండ్లూ బొమ్మలూ ఉండకూడదు. రోజూ ఒకే వరసలో జరగాలి: ఒళ్లు తుడవడం, పాలు, దీపం తగ్గించడం, ఎవరిదో ఒకరి గొంతు. పాట రాకపోతే కూరగాయల పేర్లు చెప్పినా సరే. అన్నిటికన్నా ముఖ్యమైనది ఏ కొట్టులోనూ దొరకదు: తల్లి పడుకున్నప్పుడు బిడ్డను ఎత్తుకునే ఇంకో మనిషి. ఆ మనిషి ఇంట్లో ఉన్నా తలుపు అవతల నిలబెట్టే ఇళ్లు నేను చాలా చూశాను.

బెంచీ మీద

ఆ తిరునాళ్లయిన కొన్ని వారాలకు సత్యవతి, మంగమ్మ బిడ్డను మళ్లీ చూపించడానికి ఆసుపత్రికి వచ్చారు. నా బెంచీ ఇంకా ఖాళీ కాని రోజులవి, ఆ ఉదయం వరండా నిండా జనం. నర్సు సత్యవతి పేరు పిలిచింది. పలకలేదు. మళ్లీ పిలిచింది. నేనే లేచి గుమ్మం దగ్గరికి వెళ్లి చూశాను.

బెంచీ చివర అత్తగారి భుజం మీద తల వాల్చి సత్యవతి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. పక్కన ఎవరో పిల్లాడు గిలక్కాయ ఆడిస్తున్నాడు, ఇంకెవరో సూదికి భయపడి కేకలు పెడుతున్నారు. ఆమెకేమీ తెలియడం లేదు. మంగమ్మ భుజం కదలకుండా కూర్చుని ఉంది.

"మీ అబ్బాయి ఏడింటికి వస్తున్నాడా?" అని మెల్లగా అడిగాను.

"వస్తన్నాడమ్మా. వచ్చి ఈణ్ణి ఎత్తుకుని, ఈడికంటే ముందే నిద్రపోతన్నాడు."

నర్సు మూడోసారి పిలవడానికి నోరు తెరిచింది. చెయ్యి అడ్డం పెట్టాను. పిల్లవాడు మాత్రం నాయనమ్మ ఒళ్లో మెలకువగా, కళ్లు పెద్దవి చేసుకుని వరండాలో వాళ్లందరినీ ఒక్కొక్కరినే చూస్తున్నాడు.

తర్వాతి వాళ్లని పిలవమన్నాను.